రెండువందల ఎనభై ఏడు పొరపాట్లు

జనవరి నాలుగు, శనివారం. ఆ దేశంలో అది నడి వేసవి. ఆ మధ్యాహ్నం డెస్ అని అందరూ పిలిచే డెస్మండ్ ట్రెలోర్ తిన్నది చల్లబడిన గొర్రె మాంసం రెండు ముక్కలు, డబ్బాలోంచి తీసిన బీట్‌రూట్, వెన్న రాసిన రొట్టె. రెండో ముక్క సగంలో ఉండగా వంటింటి కిటికీ అడవి మంటలకు నారింజ రంగుకు తిరిగింది. పళ్ళెం అలాగే వదిలేసి వెళ్ళి నీళ్ళ గొట్టం అందుకున్నాడు. సాయంత్రానికి గాలి దిక్కు మార్చుకుంది. అతని ఇల్లు నిలబడింది. కొండకు అవతల, సాడ్లర్స్ క్రీక్ రోడ్డు పొడవునా ముప్పై రెండు ఇళ్ళు నిలబడలేదు.

ఇప్పుడు మార్చి. ఆ రోడ్డు మీద అతని చెత్తబండి ఎత్తవలసిన డబ్బాలు నలభై ఒకటి ఉండేవి, తొమ్మిది మిగిలాయి. చెయ్యడానికి పని తగ్గింది కనుక వారంలో రెండు రోజులు అగ్నిబాధితుల సహాయ కేంద్రంలో బల్లలు మోయమని కౌన్సిల్ అతన్ని పంపింది. ఫుట్‌బాల్ క్లబ్బు హాల్లో పెట్టారు ఆ కేంద్రాన్ని. గోడల మీద గెలిచిన జట్ల ఫొటోలు, కింద మడతపెట్టిన దానం బట్టలు, మూలన టీ మరిగే పెద్ద స్టీలు పాత్ర. ఆ పాత్ర పిడి చేతులు కాలుస్తోందని ఎవరో దానికి గుడ్డ చుట్టి దారంతో కట్టారు. ఎవరు కట్టారో డెస్ అడిగాడు కానీ ఎవరికీ తెలియలేదు.

దరఖాస్తులు తీసుకునే పిప్ లోనర్గన్ అనే అమ్మాయి బల్ల దగ్గర అతను ఇంకొకటి గమనించాడు. మిగతా బల్లల మీద కాగితపు రుమాళ్ళ పెట్టెలు ఎదురుగా ఉన్నాయి. పిప్ తన పెట్టెను బల్ల కింద, చేతికందేచోట పెట్టుకుంది. వచ్చినవాళ్ళు ఏడవాలని ఎదురుచూస్తున్నట్టు ఉండకూడదని కాబోలు.

మంగళవారం పదిన్నరకు నోలా పెటిట్ వచ్చి ఆ బల్ల ముందు కూర్చుంది. డెబ్భైకి దగ్గర పడిన మనిషి. ఎవరో ఇచ్చిన మగవాళ్ళ స్వెట్టరు వేసుకుంది, చేతులు రెండు మడతలు పైకి మడిచింది. డెస్ కుర్చీలు దొంతరలు పెడుతూ మూడు గజాల దూరంలో ఉన్నాడు.

"టీ తాగుతారా, నోలా గారూ?"

"రెండు బల్లల దగ్గర రెండుసార్లు తాగానమ్మా. ఇంకో కప్పు తాగితే బాత్రూము కోసం కూడా దరఖాస్తు పెట్టుకోవాలి."

పిప్ నవ్వింది. నవ్వి, కంప్యూటరు తెరను ఆమెకు కూడా కనబడేలా పక్కకు తిప్పింది. "మీ స్థలం గురించి రికార్డు తీశాను. చూడండి. 'యంత్రాల షెడ్డు, ఒకటి. నివాసం లేదు' అని ఉంది."

"ఎవరు రాశారట?"

"కట్టేటప్పుడు మీరు తీసుకున్న అనుమతే అది."

"మా ఆయన రెక్స్ తీసుకున్నాడు. ముందు షెడ్డు వేద్దాం, ఇల్లు తర్వాత కట్టుకుందాం అన్నాడు. రెక్స్ పోయాడు, ఆ తర్వాత అన్నది మాత్రం రాలేదు." నోలా ముందుకు వంగింది. "ముప్పై ఒక్క ఏళ్ళుగా ఆ షెడ్డులో పడుకున్నదెవరనుకుంటున్నావు? ట్రాక్టరా? పొద్దున్నే లేచి టీ కాచుకున్నది ట్రాక్టరా?"

పక్క బల్ల దగ్గర ఎవరో ఫక్కుమన్నారు. పిప్ నవ్వలేదు.

"మీరు అక్కడే ఉన్నారని నాకు తెలుసు. ఈ హాల్లో అందరికీ తెలుసు. కానీ కౌన్సిల్ ఉచితంగా శుభ్రం చేసేది కాలిపోయిన ఇళ్ళనే. తాత్కాలికంగా ఉండటానికి కేబిన్ ఇచ్చేది కూడా ఇల్లు పోయినవాళ్ళకే. షెడ్డుకు రెండూ లేవు."

"సరే, నేనే పార పట్టుకుంటాను."

"పట్టుకోకూడదు. మీ గోడలు ఆస్‌బెస్టాస్ రేకులు. ఆ బూడిద ముట్టుకోవడానికి లేదు." పిప్ గొంతు తగ్గించింది. "అక్కడ మనిషి కాపురం ఉన్నట్టు కౌన్సిల్ దగ్గరే ఏదో ఒక ఆధారం ఉండాలి. ఒక్కటి చాలు. కరెంటు?"

"సూర్యుడిది. బిల్లు పంపడు."

"ఉత్తరాలు?"

"ఊళ్ళో పోస్టాఫీసులో నాకో పెట్టె ఉంది."

"ఇరుగుపొరుగు?"

"ఆరుగురి సంతకాలు తెచ్చాను." నోలా మడత కాగితం తీసి నిమిరి పెట్టింది.

"పొరుగువాళ్ళ మాట ఒక్కటే చాలదన్నారు పైవాళ్ళు. ఎక్కడో ఎవరో లేని ఇల్లు ఉందని రాయించారట." ఆ కాగితాన్ని పిప్ తిరస్కరించలేదు, ఫైలులో జాగ్రత్తగా పెట్టుకుంది. "శుక్రవారం మధ్యాహ్నం జాబితా మూసేస్తారు. మీ రోడ్డు మీద ఉన్న పనివాళ్ళు ఆ తర్వాత పక్క లోయకు వెళ్ళిపోతారు."

నోలా మొహం విప్పారింది. బల్ల మీద వేలితో కొట్టింది. "చెత్తడబ్బా! అది కౌన్సిల్‌దేగా. ప్రతి గురువారం మీ బండే వచ్చి ఎత్తేది. మనిషి లేని చోట చెత్త ఎలా వస్తుందమ్మా?"

పిప్ కూడా ఉత్సాహంగా మీటలు నొక్కింది. వెతికింది. మళ్ళీ వెతికింది. "మీ గేటు దగ్గర డబ్బా ఉన్నట్టు లేదు, నోలా గారూ. అసలు మీ స్థలం నంబరు మీద ఎప్పుడూ ఇచ్చినట్టే లేదు."

నోలా తల తిప్పింది. చేతుల్లో నాలుగు కుర్చీలతో నిలబడిపోయిన డెస్ వైపు చూసింది. అతను చూపు దించుకున్నాడు. ఆమెకు అర్థమవడానికి ఎంతసేపు పట్టిందో అతనికి తెలుసు, ఎందుకంటే అంతసేపూ అతను ఊపిరి తీసుకోలేదు.

"అయితే నేనే పొరపడి ఉంటాను," అంది నోలా పిప్‌తో. "ముసలిదాన్ని. ఏదో ఒకటి అంటూ ఉంటాను."

స్వెట్టరు చేతులు కిందికి లాక్కుని లేచి వెళ్ళిపోయింది.

*

మర్నాడు కేంద్రం మూసే వేళకు ఆమె అతని పికప్ బండి పక్కన నిలబడి ఉంది.

"స్థలం ఫొటోలు తెమ్మంది ఆ పిల్ల. పడకగది, వంటిల్లు, ఏవైనా గుర్తులు కనబడతాయేమోనని. నన్ను దింపుతావా?"

డెస్ తలుపు తీసి ఆమెను ఎక్కించుకున్నాడు. రోడ్డుకు రెండు వైపులా నీలగిరి చెట్లు బొగ్గు స్తంభాల్లా నిలబడి ఉన్నాయి. కొమ్మలు లేవు. కానీ మాను పొడవునా, పాదాల నుంచి పైదాకా, ఎర్రటి లేత చిగుళ్ళు బొచ్చులా పొడుచుకొచ్చాయి. పొరుగున ఉన్న హచిన్సన్ వాళ్ళ స్థలంలో బూడిద మీద పచ్చటి జిగురు చల్లి ఉంది. విషపు ధూళి లేవకుండా పనివాళ్ళు ముందు ఆ జిగురు కొడతారు, తర్వాత ఎత్తుకెళ్తారు. గేటు గుంజకు కౌన్సిల్ చీటీ కట్టి ఉంది. ఎదుటి స్థలానికీ ఉంది. నోలా గుంజ ఖాళీగా ఉంది. ఆమె స్థలంలో బూడిద ఇంకా బూడిద రంగులోనే ఉంది.

గేటు పక్కన నేల మీద, కరిగి గట్టిపడిన ఆకుపచ్చ ప్లాస్టిక్ ముద్ద ఒకటి పేడకడిలా అంటుకుపోయి ఉంది. అందులోంచి చక్రాల ఇనుప ఇరుసు పొడుచుకొచ్చింది. డెస్ దాన్ని దాటి నడిచాడు.

నోలా ఫొటోలు తీయలేదు. బూడిద చుట్టూ తిరిగి, ఎండ పడుతున్న వైపుకు వెళ్ళింది. అక్కడ సిమెంటు మెట్టు ఒక్కటి మిగిలింది. మెట్టు పైన గోడ లేదు, ద్వారబంధం లేదు. ఆమె మెట్టెక్కి, కుడి బూటు రెండుసార్లు, ఎడమ బూటు రెండుసార్లు సిమెంటుకు రాసి తుడుచుకుంది. తుడుచుకుని అక్కడే ఆగిపోయింది, లోపలి నుంచి ఎవరో రమ్మనాలన్నట్టు.

"బొగ్గుపొయ్యి అదిగో," అంది కాసేపటికి. "దాని పక్కన బల్ల. మంచం ఆ మూల. పొద్దున ఎండ మంచం మీదికి వచ్చేది, తొమ్మిదికల్లా వెళ్ళిపోయేది."

డెస్ ఫొటోలు తీశాడు. పొయ్యి వంకరపోయిన ఇనుములా కనబడింది. మంచం మూలలో ఏమీ కనబడలేదు. తనిఖీ అధికారి వీటిని చూసి షెడ్డులో పొయ్యి అంటాడే తప్ప ఇల్లనడని అతనికి తెలుసు.

"నువ్వు నాకెప్పుడూ చెప్పలేదు," అంది ఆమె వెనక్కి తిరగకుండా.

"ఏం చెప్పాలి?"

"నాది దొంగడబ్బా అని."

"దొంగది కాదు. మూతబడ్డ పాల దుకాణం వెనక పడి ఉంటే నేనే తెచ్చి పెట్టాను. మీరు అడిగిన వారమే కౌన్సిల్ కుదరదని చెప్పింది. ఆ మాట మీకు చెప్పడం కన్నా డబ్బా తేవడం తేలికనిపించింది."

"మరి ఆ కొత్త బండిలో యంత్రం ఉందన్నావుగా, ప్రతి డబ్బా లెక్కపెడుతుందని? అది ఊరుకునేదా?"

"ఊరుకోదు. ఇక్కడ బండి చెయ్యి దించగానే తెర ఎర్రబడేది. కారణం చెప్పమని అడిగేది. 'పొరపాటున ఎత్తినది' అని ఒక మీట ఉంటుంది. అది నొక్కేవాణ్ణి."

"ఎన్నిసార్లు?"

"ఆరేళ్ళుగా, ప్రతి గురువారం."

నోలా అతని వైపు తిరిగి చూసింది. ముందు పెదవులు బిగబట్టింది, తర్వాత ఆపుకోలేక నవ్వింది. నవ్వుతూ మెట్టు మీద చతికిలబడింది. "అంటే ఆరేళ్ళ నుంచీ నేను నీ పొరపాటునన్నమాట! చెప్పొద్దూ, నా జన్మలో నన్నిలా ఎవరూ అనలేదు."

డెస్ చెవులు ఎర్రబడ్డాయి. ఆ గేటు దగ్గర గురువారం పొద్దున ఆరూ నలభైకి గౌనూ రబ్బరు బూట్లూ వేసుకుని ఆమె నిలబడి ఉండేది. బండి చెయ్యి డబ్బాను ఎత్తి, కుమ్మరించి, దించేటప్పుడు అతను మీటను సగమే వదిలేవాడు, మూత దడేలుమనకుండా. ఆమె అరచెయ్యి ఎత్తేది. అంతే. ఆ తర్వాత మళ్ళీ గురువారం దాకా, అతను ఇంటికి పొద్దుపోయి వచ్చినా అడిగేవాళ్ళు లేరు, తొందరగా వచ్చినా అడిగేవాళ్ళు లేరు.

"నేను చెబుతాను," అన్నాడు. "రేపు."

నోలా నవ్వు ఆగిపోయింది. "చెప్పవు. రిటైరవడానికి ఎన్ని నెలలుంది నీకు?"

"ఎనిమిది."

"మీ ఆవిడ లోర్నా బతికుంటే చీపురు తిరగేసేది. ఎనిమిది నెలలు నోరు మూసుకోలేవూ? నాకేముంది, పట్నంలో ఒక గది ఇస్తామంటున్నారు."

"వెళ్తారా?"

ఆమె స్వెట్టరుకు అంటిన మసిని గోటితో గీకింది. "ఆ గది కాగితం మీద ఒక ప్రశ్న ఉంది. 'ఇంతకుముందు నివాసం' అని. అక్కడ నేనేం రాయాలి, డెస్? రెండుసార్లు కలం తీసి మళ్ళీ పెట్టేశాను."

*

గురువారం అతను బండి ఎక్కాడు. నోలా గేటు దాకా ఇదివరకు పాతిక నిమిషాలు పట్టేది, ఇప్పుడు పావుగంటే పట్టింది. డబ్బాకూ డబ్బాకూ మధ్య అంతా ఖాళీ. ఖాళీ రోడ్డు మీద పెద్ద బండి గలగలలాడుతూ పోతుంటే, లోపల ఏదో ఊడిపోయినట్టు వినబడింది అతనికి.

నోలా గేటు దగ్గరికొచ్చేసరికి, తొందరగా వచ్చాడు కనుక, ఇంకా ఆరున్నరే. బండి ఆపాడు. ఎత్తడానికేమీ లేదు. ఇంజను నడుస్తోంది. తెర మీద ఎడమ మూలన గడియారం మారుతోంది. పదినిమిషాలు అలాగే కూర్చున్నాడు. ఆరూ నలభై అయ్యాక గేరు వేశాడు.

డిపోలో అతని పైవాడు గార్త్ మెకిన్నన్ బల్ల వెనక నిలబడి సాసేజ్ రోల్ తింటున్నాడు. ఇద్దరూ ఒకే ఏడాది చేరారు. గార్త్ ఉద్యోగంలో మెట్లెక్కాడు, డెస్ బండిలోనే ఉండిపోయాడు.

"ఏరా ముసలోడా, అప్పుడే వచ్చేశావు? చెత్త చేసే జనమే లేరంటావా?"

"గార్త్, నాకో కాగితం కావాలి. బండి లెక్కల్లోంచి. పొరపాటున ఎత్తినవి, సాడ్లర్స్ క్రీక్ రోడ్డు, మొదటి నుంచీ."

గార్త్ నమలడం ఆపాడు. సాసేజ్ రోల్ సంచిలో పెట్టాడు. వెళ్ళి తలుపు వేసి వచ్చాడు. "ఎందుకు?"

"నోలా పెటిట్ కోసం."

"ఒరేయ్. మిగతా డ్రైవర్లకు నెలకు రెండో మూడో పొరపాట్లు వస్తాయి. నీకు ప్రతి వారం ఒక్కటి, అదే చోట, అదే టైముకి. నాకు కళ్ళు లేవనుకున్నావా? నేను అడగలేదు, నువ్వు చెప్పలేదు. హాయిగా ఉన్నాం. ఆ కాగితం బయటికి వెళ్తే నేను తెలియనట్టు ఉండలేను."

"తెలుసు."

"జాబితాలో లేని డబ్బా, ఇన్నేళ్ళు, పైగా దొంగ కారణం. బండి తాళాలు తీసుకోవాలి నీ దగ్గర. తూకం గేటు దగ్గర కూర్చోపెడతారు. ఎనిమిది నెలలు చెత్తకుప్ప దగ్గర ట్రైలర్లు లెక్కపెడతావు."

"గేటు దగ్గర హీటరుందా?"

"ఉంది."

"అయితే పర్లేదు."

గార్త్ కుర్చీ లాక్కున్నాడు. "నీకు మతి పోయిందిరా," అన్నాడు మెల్లగా, ఎవరైనా పోయినప్పుడు పలకరించే గొంతుతో. ఆ తర్వాత కంప్యూటరు ముందు కూర్చుని, రెండు వేళ్ళతో, ఒక్కొక్క అక్షరమే నొక్కసాగాడు. యంత్రంలోంచి ఏడు కాగితాలు వెచ్చగా వచ్చాయి. అవి మడత పడకుండా గార్త్ ఒక అట్ట వెతికి తెచ్చి మధ్యలో పెట్టి ఇచ్చాడు.

సహాయ కేంద్రంలో పిప్ బల్ల ముందు ఇద్దరు ఉన్నారు. డెస్ తన వంతు కోసం కూర్చున్నాడు. ఎప్పుడూ కుర్చీలు మోసేవాడు కుర్చీలో కూర్చున్నాడని టీ పోసే ఆవిడ వేళాకోళం చేసింది. అతను కాగితాలు ఒళ్ళో పెట్టుకుని, అట్ట మీద రెండు చేతులూ ఆన్చుకున్నాడు.

పిప్ మొదటి కాగితం చదివింది. తేదీ, సమయం, చోటు, కారణం. తేదీ, సమయం, చోటు, కారణం. రెండో కాగితం చూసేసరికి ఆమె వేలు ఆగిపోయింది.

"ఇవన్నీ పొరపాటున ఎత్తినవేగా, డెస్?"

"కాదమ్మాయ్."

"కాదంటే?"

"ఒక్కటీ పొరపాటు కాదు. రెండువందల ఎనభై ఏడు. నేను సెలవు మీద ఉన్న వారాలు ఉండవు. కొత్త బండి రాకముందువి లెక్కలో లేవు, అవి ఇంకో మూడేళ్ళవి. ఆవిడ డబ్బా నిండుగా ఉండేది కాదు, కానీ ఉండేది. టీ పొడి, గుడ్డు పెంకులు, బంగాళాదుంప తొక్కలు. ఇంట్లో మనిషి ఉంటే వచ్చే చెత్త. షెడ్డు చెత్త వేరేగా ఉంటుంది. నాకు తెలుస్తుంది."

పిప్ తెర వైపు తిరిగి టైపు చేయడం మొదలుపెట్టింది. అతను చెప్పిన మాటలు చెప్పినట్టే రాసింది, బంగాళాదుంప తొక్కలను కూడా వదల్లేదు. మధ్యలో ఆగి, "ఇది నేను పైకి పంపాలి. అక్కడి నుంచి డిపోకు వెళ్తుంది. మీకు తెలుసుగా?" అంది.

"తెలుసు."

"ఇంటికెళ్ళి ఒక రాత్రి ఆలోచించుకుంటారా? రేపు పొద్దున ఎనిమిదికి వచ్చి సంతకం పెట్టినా జాబితాకు అందుతుంది."

ఆ అమ్మాయి వయసుకు ఆ మాట అడగాలని తోచడం డెస్‌కు ఎంతో బాగా అనిపించింది. "ఆలోచిస్తే భయమేస్తుంది," అన్నాడు. "కలం ఇవ్వు."

*

శుక్రవారం పదిన్నరకు తనిఖీ అధికారి వచ్చాడు. సన్నగా, పొడుగ్గా, నవ్వని మనిషి. నోలా గేటు దగ్గర నిలబడి ఏడు కాగితాలూ మొదటి నుంచి చివరిదాకా చదివాడు. పిప్ తన చలికోటు జేబుల్లో చేతులు పెట్టుకుని నిలబడింది. నోలా కొంచెం దూరంగా, ఎవరి వైపూ చూడకుండా ఉంది. డెస్‌ను చూసినప్పుడు మాత్రం, "నీకు చెప్పాను, వినలేదు," అంది పళ్ళ బిగువున. తర్వాత అతని కాలరు ఒకవైపు లోపలికి మడతపడి ఉంటే లాగి సరిచేసింది.

అధికారి సిమెంటు మెట్టు దాకా నడిచాడు. పొయ్యిని చూశాడు. నేల మీది ఆకుపచ్చ ముద్ద దగ్గర మోకాలి మీద కూర్చుని, ఇరుసు మీద అచ్చు వేసిన అక్షరాలను వేలితో తుడిచి చదివాడు.

"మన డబ్బానే," అన్నాడు.

పలక మీద కాగితం పెట్టి రాసి, పిప్‌కు ఇచ్చాడు. పిప్ దాన్ని నోలాకు చూపించింది. 'యంత్రాల షెడ్డు' అన్న మాట మీద అడ్డగీత ఉంది. పైన చేతిరాతతో ఉంది: నివాసం, ఒకటి. అగ్నిలో పూర్తిగా నాశనమైనది.

నోలా కళ్ళజోడు వెతుక్కుంది. పెట్టుకుని మళ్ళీ చదివింది. "నాశనమైనది," అని పైకి అంది. ఆ మాట అంత సంతోషంగా ఎవరైనా పలకడం డెస్ ఎప్పుడూ వినలేదు.

పిప్ ఫోను చేసింది. పన్నెండు కాకముందే తెల్ల దుస్తులూ ముసుగులూ వేసుకున్న నలుగురు గొట్టాలు పట్టుకుని వచ్చారు. మొదట గుంజకు చీటీ కట్టారు. తర్వాత బూడిద మీద పచ్చటి జిగురు చల్లడం మొదలుపెట్టారు. ఒకడు మెట్టు దగ్గరికి రాగానే గొట్టం ఆపి, ఆమె వైపు చూసి, చెయ్యి ఊపి అడిగాడు. నోలా తల ఊపింది. అతను మెట్టు మీద కూడా చల్లాడు.

మధ్యాహ్నం గార్త్ స్వయంగా వచ్చి తాళాలు తీసుకున్నాడు. సోమవారం నుంచి తూకం గేటు. "హీటరు నేనే చూశాను, బాగానే పనిచేస్తోంది," అన్నాడు.

డెస్‌కు బాధ అనిపించకపోవడం అతనికే వింతగా ఉంది. ఆ మధ్యాహ్నమంతా అతను మనసులో నోలా స్థలంలో కేబిన్ పెడుతూనే ఉన్నాడు. రోడ్డుకు దగ్గరగా ఉన్న చదును నేల మీద అయితే లారీ తిరగడానికి వీలుంటుంది. నీళ్ళ ట్యాంకు దక్షిణం వైపు. మెట్లు చెక్కవి తనే కొట్టి ఇవ్వగలడు. గేటు డ్యూటీ నాలుగింటికి అయిపోతుంది. ఇంటికి ఆ రోడ్డు మీదుగా వెళ్తే పన్నెండు కిలోమీటర్లు ఎక్కువ, అంతేగా. ఆ దారిలో ఒక దీపం ఉంటుంది. ఆగితే ఆగవచ్చు, ఆగకపోతే చూసి వెళ్ళవచ్చు.

సాయంత్రం ఆరింటికి నోలాను సంత మైదానానికి తీసుకెళ్ళాడు. మంటల తర్వాత తలదాచుకోను చోటు లేనివాళ్ళందరికీ కౌన్సిల్ అక్కడ చక్రాల ఇళ్ళు వరసగా నిలిపింది. ఆమెది చివరిది. పక్కదాంట్లో చంటిపిల్లతో ఒక జంట ఉంటోంది. తాళ్ళ మీద బట్టలు ఆరుతున్నాయి. ఎవరో ఉల్లిపాయలు వేయిస్తున్నారు.

బండి ఆగాక కూడా నోలా దిగలేదు. ఒళ్ళో ఉన్న కాగితం మడత మీద బొటనవేలితో మళ్ళీ మళ్ళీ రాస్తోంది.

"కేబిన్ ఆ చదును మీద పెడితే బాగుంటుంది," అన్నాడు డెస్. "రోడ్డు వైపు. మెట్లు నేను చేస్తాను."

"డెస్."

"ఏం?"

"కేబిన్ వద్దని చెప్పేశాను. మధ్యాహ్నమే. జాబితాలో నా వెనక ఉన్నది ఈ పిల్లలే." పక్క బండి వైపు తల ఊపింది. "చంటిదానికి చలికాలం వచ్చేలోపు గోడలు కావాలి."

డెస్ స్టీరింగు మీద చేతులు తీయలేదు. "మరి మీరు?"

"మా చెల్లెలు టాస్మేనియా దీవిలో ఉంది. ఐదేళ్ళ నుంచి రమ్మంటోంది. కిటికీలోంచి సముద్రం కనబడుతుందట. పనివాళ్ళు స్థలం శుభ్రం చేసి వెళ్ళాక బయలుదేరుతాను. పదిరోజులు పట్టచ్చు."

మైదానం అవతల ఎవరో బంతి తన్నారు. అది కంచెకు తగిలి కిందపడింది.

"ఐదేళ్ళ నుంచి పిలుస్తుంటే వెళ్ళలేదుగా," అన్నాడు డెస్. గొంతు మామూలుగానే వచ్చింది.

"ఎలా వెళ్ళను? వెళ్ళాలంటే ఎక్కడి నుంచో వెళ్ళాలిగా. ఇల్లు వదిలి వెళ్తారు గానీ, షెడ్డు వదిలి ఎవరైనా వెళ్తారా? ముప్పై ఏళ్ళు ఏం చేశావే అంటే ఏం చెప్పను? ట్రాక్టరు పక్కన పడుకున్నాననా?" కాగితాన్ని పైకెత్తింది. "ఇప్పుడు చెప్పగలను. నాకో ఇల్లుండేది, కాలిపోయింది. ఇదిగో, అధికారి సంతకం. నువ్వు పెట్టించిన సంతకం."

అతను తల ఊపాడు. ఆమె చెప్పింది సబబే.

"కోపమొచ్చిందా?"

"లేదు."

"నీ బండి పోయింది. నేనేమో పోతున్నాను. రావాలిగా కోపం."

"అక్కడ గాలి ఎక్కువ," అన్నాడు డెస్. "మంచి కోటు కొనుక్కోండి. ఈ స్వెట్టరు ఆగదు."

నోలా అతని చేతి మీద తన చెయ్యి పెట్టింది. మసి ఇంకా గోళ్ళ సందుల్లో ఉంది. అతను ఆ చేతిని చూశాడు గాని తన చేతిని కదపలేదు. కదిపితే ఆమె తీసేస్తుందేమోనని. ఉల్లిపాయల వాసన ఆగి, ఎవరో పళ్ళేలు కడుగుతున్న చప్పుడు మొదలయ్యేదాకా ఇద్దరూ అలాగే కూర్చున్నారు.

"మంచివాడివి, డెస్," అంది చివరికి. అని, దిగింది.

గడ్డిలో అడుగులేసుకుంటూ వెళ్ళింది. పక్క బండిలో చంటిపిల్ల అప్పుడే నిద్రపోయినట్టుంది, కిటికీకి తువ్వాలు కట్టారు. ఈ చక్రాల ఇళ్ళ తలుపులు బిగుసుకుపోతాయి. అందరూ భుజంతో తోసి దబ్బున మూస్తారు. నోలా లోపలికి వెళ్ళి, తలుపును రెండు చేతులతో కొద్దిగా పైకెత్తి పట్టుకుని, చప్పుడు లేకుండా మూసుకుంది.